బానెట్ మీద తడి తువ్వాళ్లు

షోలాపూర్ నీలం నగర్‌లో మాకు తువ్వాళ్లు నేసే చిన్న మరమగ్గాల షెడ్డు ఉంది. మా ఇంట్లో కారు నడిపేది నేనొక్కదాన్నే, అదీ కరెంటు కారు. కొంతం చౌక్ దుకాణాల్లో సరుకు వేసి రాగానే దాన్ని రేకుల షెడ్డులో నిలిపి, వెంటనే ఛార్జింగ్ పెట్టేదాన్ని.

పోయినేడు మే నెలలో ఒక మిట్టమధ్యాహ్నం, అక్కల్‌కోట్ రోడ్డు మీద బ్యాటరీ వేడెక్కి బండి ఆగిపోయింది. ఎండకు నూలు తెగకుండా తడిగుడ్డ కప్పడం మాకు చిన్నప్పటి అలవాటు. అదే ఊపులో బండిలో ఉన్న కొత్త తువ్వాళ్లు తాగేనీళ్లతో తడిపి బానెట్ నిండా పరిచాను. జనం మూగారు. వెనకే స్కూటర్ మీద వచ్చిన మా బావగారు ఒకటే నవ్వు.

“ఇది బండి కాదమ్మా, ఆడుకునే పోరగాండ్ల ఖిలోనా. అమ్మిపడెయ్యి.”

ఫోన్ చేస్తే వచ్చిన మెకానిక్, బండి ఎక్కడ పెడతానో, ఎప్పుడు ఛార్జ్ చేస్తానో అడిగి తల పట్టుకున్నాడు. “అక్కా, బ్యాటరీ సీట్ల కింద ఉన్నది. నువ్వు బానెట్‌కు స్నానం పోసినవ్! రేకుల కింద ఉడకబెట్టి, వేడి మీదనే ఛార్జింగ్ పెడితే అది ఎన్నేండ్లు ఆగుతది?”

సిగ్గుతో చచ్చిపోయాను. అయినా బావగారి వైపు తిరిగి, “పోగు తెగితే మగ్గం అమ్ముకుంటమా బావా?” అని అందరి ముందే అడిగాను.

ఇప్పుడు బండి వేపచెట్టు నీడలో ఉంటుంది. తెల్లవారుజామున, బ్యాటరీ చల్లబడ్డాకే ఛార్జింగ్, అదీ పూర్తిగా నింపను. ఈ ఎండాకాలం ఒక్కసారి కూడా ఆగలేదు.

మొన్న ఎండలో బావగారి స్కూటర్ పంక్చరైతే నేనే నా కారులో ఎక్కించుకున్నాను.

“జర పైలంగ కూసోండ్రి బావా, పోరగాండ్ల ఖిలోనా గదా!”