తొమ్మిది రోజులు ఆగిన పువ్వు

మొన్న శుక్రవారం పొద్దున్న మా మేనత్త పక్కింటి బర్మా అమ్మాయి ఫోన్ చేసింది. "ఊలే, డో అత్త లేవడం లేదు," అంది. ఊలే అంటే వాళ్ళ భాషలో బాబాయి, డో అంటే పెద్దావిడ పేరు ముందు పెట్టే గారు. ఇక్కడ బర్మాలో, సంచౌంగ్ పేటలో ఆ వీధి వీధంతా ఆవిణ్ణి అలాగే పిలిచేది. అత్త అన్నదే ఆవిడ పేరనుకున్నారు వాళ్ళు. ఆవిడా ఎవర్నీ దిద్దలేదు. నేను వెళ్ళేసరికి నిద్రలోనే వెళ్ళిపోయి ఉంది. దుప్పటి కూడా చెదరలేదు.

మా అమ్మ నా చిన్నప్పుడే పోతే నన్ను పెంచింది అత్తే. లత అనే చైనావాళ్ళ పేటలో ఒక టీ ఆకుల దుకాణంలో పొట్లాలు కట్టేది. చలికాలం వస్తే అక్కణ్ణుంచి నార్సిసస్ పూల దుంపలు తెచ్చేది. చూడ్డానికి ఉల్లిపాయల్లా ఉంటాయి. మట్టి అక్కర్లేదు. వెడల్పాటి పింగాణీ గిన్నెలో గులకరాళ్ళ మధ్య నిలబెట్టి నీళ్ళు పోస్తే ఇంట్లోనే పూస్తాయి. చైనావాళ్ళ కొత్త సంవత్సరం నాడు అవి భోజనాల బల్ల మధ్య విచ్చుకుని ఉండాలి. సరిగ్గా ఆ రోజుకి తేవడమే పనితనం. పగలు కిటికీ దగ్గర ఎండలో, సాయంత్రం నీళ్ళు ఒంపేసి నీడలో. మొగ్గ వెనకబడితే గోరువెచ్చని నీళ్ళు, ముందుకొచ్చేస్తే చల్లటి నీళ్ళు.

నేను మాటిమాటికీ వెళ్ళి చూస్తుంటే, "తొందరెట్టకు గుంటడా. తొందరెడితే ఆకే ఎదుగుతాది, పువ్వు రాదు," అనేది.

అవి పూసినన్నాళ్ళూ మా రెండు గదుల ఇల్లు నేల విడిచి కొంచెం పైకి తేలినట్టుండేది. ఆ వాసనలో మాటలు కూడా మెల్లగా వచ్చేవి.

నేను కాలేజీలో రెండో ఏడు చదువుతుండగా, సైన్యం పాలన పోవాలని వీధులన్నీ జనంతో నిండాయి. నేనూ నడిచాను. తర్వాత కాల్పులు. కాలేజీలకి తాళాలు పడ్డాయి. విశాఖలో ఉన్న మా వాళ్ళ నుంచి ఉత్తరాలు రావడం మానేశాయి. చలి మొదలయ్యాక నన్నూ పట్టుకుపోయి జైల్లో పెట్టారు. కిటికీ లేని గది. కొన్నాళ్ళకి ఏది నిన్నో, ఏది మొన్నో తెలియకుండా పోయింది.

ఆ ఏడు దుకాణానికి సరుకు సరిగా రాలేదు. ఎలాగో చేరిన నాలుగైదు దుంపల్లో ఒకటి యజమానురాలు అత్తకిచ్చింది. పండగ ముందు నన్ను వదిలేస్తారని ఎవరో చెప్పారట. నేను గుమ్మంలోకి వచ్చే రోజుకి పూయించాలని అత్త పంతం పట్టింది.

వారం వారం రైలెక్కి జైలు దగ్గరికి వచ్చేది. "రేపు" అని ఎవరన్నా అంటే ఇంటికెళ్ళి గోరువెచ్చని నీళ్ళు పోసేది. ఆ రేపు గడిచిపోతే, బజార్లో చేపలమ్మే ఆవిణ్ణడిగి ఐసుముక్క తెచ్చి గిన్నెలో వేసేది. కొత్త సంవత్సరం వచ్చింది, వెళ్ళింది. మొగ్గలు పొర చించుకుని బయటికి తొంగిచూశాక కూడా ఐసుతోనే తొమ్మిది రోజులు నిలబెట్టింది. పదో రోజు విచ్చుకున్నాయి. నేను మాత్రం రాలేదు.

వదిలేసరికి ఎండలు ముదిరాయి. మధ్యాహ్నం గుమ్మంలో నిలబడ్డాను. అత్త ఏడవలేదు. నా మొహం, చేతులు, పాదాలు తడిమి చూసింది. తర్వాత బల్లవైపు చూపించింది. గిన్నెలో వాలిపోయిన పసుప్పచ్చటి ఆకులు, కాగితంలా ఎండిన పూలు.

"ఆపలేకపోనాన్రా," అంది, తప్పు చేసినదానిలా. "తొమ్మిది రోజులు ఆపినాను. ఇంకాగనేదు."

"ఏటత్తా, పువ్వు కోసం..." అన్నాను.

"కూకో. సెప్తాను."

దుంపకి పొట్టు తీసిన రోజు దగ్గర్నుంచి మొదలుపెట్టింది. తెల్లటి వేళ్ళు రాళ్ళని పట్టుకున్న రోజు. మబ్బు పట్టి ఎండ రాని రోజు. మొగ్గలు ఎన్నో లెక్క తేలిన రోజు. నేను నేలమీద కూర్చుని విన్నాను. ఆ చీకటి గదిలో నాకు కలిసిపోయిన రోజులన్నీ ఆవిడ మాటల్లో దేనికది విడివడి, ఒక్కొక్కటే నా దగ్గరికి తిరిగొచ్చాయి. ఇన్నేళ్ళలో నాకు ఎవరూ అంత పెద్దది ఇవ్వలేదు.

"పన్నెండో రోజుకి ఇంత," అని అరచెయ్యి గిన్నెమీద గాల్లో పెట్టింది. "పండక్కి ఇంత." చెయ్యి ఇంకాస్త పైకి లేచింది. "పూసిననాటికి, ఇదిగో, ఇంత."

ఐసునీళ్ళకి పగిలిన ఆ వేళ్ళు, లేని పూలంత ఎత్తున, కిటికీ వెలుగులో కదలకుండా ఆగాయి.