పరదాకు అటొకటి, ఇటొకటి

అది 2007. వనపర్తి బస్టాండుకు కాస్త ఇవతల నాకు కెమెరాల దుకాణం ఉండేది. రీలు కెమెరాల పని అయిపోవస్తోంది, డిజిటల్ ఇంకా పూర్తిగా కుదురుకోలేదు. చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళి ఫోటోలు తీసేవాళ్ళందరూ డిజిటల్ ఎస్సెల్లార్ కోసం నా దగ్గరికి వచ్చేవాళ్ళు. ఎస్సెల్లార్ అంటే లెన్సు విప్పి మార్చుకోగలిగే కెమెరా. లోపల ఒక అద్దం ఉంటుంది, దానివల్ల లెన్సు చూసేదే మన కన్నూ చూస్తుంది. గడప తొక్కిన ప్రతి మనిషీ మొదట అడిగేది ఒకటే: "మెగా ఎన్ని?" అంటే బొమ్మలో ఎన్ని మెగాపిక్సెళ్ళు, ఎన్ని లక్షల చుక్కలు అని. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది. పెళ్ళిచూపులకు వెళ్ళి పిల్లవాడి బరువెంత అని అడిగినట్టుండేది. అయినా నవ్వుతూ జవాబు చెప్పేవాణ్ణి, దుకాణం నడవాలి కదా.

ఖాజా మాత్రం ఆ మాట అడగలేదు. పాన్‌గల్‌లో స్టూడియో నడిపే మనిషి, నాకు రీలు కాలం నుంచీ తెలుసు. ఎక్కువగా ముస్లింల పెళ్ళిళ్ళు ఒప్పుకునేవాడు. ఆ పెళ్ళిళ్ళలో మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు, మధ్యన పరదా. ఆడవాళ్ళ వైపు మగ ఫోటోగ్రాఫర్ అడుగు పెట్టడు. అందుకని అటువైపు ఖాజా చెల్లెలు నసీమా తీసేది. అన్న దగ్గరే పని నేర్చుకుంది. భర్తతో పొసగక పుట్టింటికి వచ్చేశాక ఆమెకున్న బతుకుదెరువు ఈ పనే. ఇద్దరికీ చెరో రీలు కెమెరా ఉండేది.

ఆ రోజు ఇద్దరూ కలిసే వచ్చారు.

"అన్నా, కొత్తకోటల ఒకాయన ఇంత పెద్ద కెమెరా మెడకేసుకొని తిరుగుతుండు. పెండ్లోళ్ళు కెమెరాను చూసి మనిషిని లెక్కగడుతున్నరు. నాకు పెద్దదే గావాలె" అన్నాడు ఖాజా.

రెండు రకాలూ బల్ల మీద పెట్టాను. చిన్నది ఎంట్రీ లెవెల్, అంటే కొత్తగా మొదలుపెట్టేవాళ్ళ కోసం చేసింది. పెద్దది మిడ్ రేంజ్, పనివాళ్ళ చేతికి తగినది. నిజం చెప్పాలంటే రెండింటి లోపల బొమ్మను పట్టే సెన్సారు దాదాపు ఒకటే. తేడా అంతా వాడకంలో ఉంటుంది. పెద్దదాని వ్యూఫైండర్, అంటే కన్ను ఆనించే కిటికీ, వెడల్పుగా వెలుతురుగా ఉంటుంది. చిన్నదాంట్లో చూస్తే గదికి జీరో బల్బు పెట్టినట్టుంటుంది. పాత లెన్సును తిప్పి ఫోకస్ చేసే మోటారు పెద్దదాంట్లో ఉంది, చిన్నదాంట్లో లేదు.

"పెద్దదైతే ఒక్కటే వస్తది ఖాజా. గవే పైసలకు చిన్నయి రెండొస్తయి. జర సోచాయించుకో" అన్నాను.

"ఒక్కటి చాలన్నా. ఇద్దరం మార్చుకుంట తీస్తం."

నసీమా పెద్ద కెమెరాను కంటికి ఆనించి దుకాణమంతా చూస్తోంది. "భాయ్, గీ దాంట్ల అంతా ఎంత సాఫ్‌గ కనవడుతుందో చూడు!" అంది. ఆమె గొంతులో అంత సంబరం నేను ఎప్పుడూ వినలేదు. నాకూ ముచ్చటేసింది.

కొనే ముందు ఒక పెళ్ళిలో వాడి చూడమని తెలిసినవాళ్ళకు డెమో బాడీ ఇచ్చే అలవాటు నాకుంది. బాడీ అంటే లెన్సు లేని ఉత్త కెమెరా. ఆ వారంలోనే వాళ్ళకు నాగర్‌కర్నూల్‌లో ఒక పెళ్ళి ఉంది. తీసుకెళ్ళమన్నాను.

పెళ్ళయ్యాక ఇద్దరూ తిరిగొచ్చారు. ఖాజా ముఖం మాడిపోయి ఉంది. నసీమా కుర్చీలో కూర్చుని తల ఎత్తలేదు.

"ఏందయ్యా, కెమెరా కిందపడ్డదా?" అన్నాను కంగారుగా.

"కెమెరాకు ఏం గాలేదన్నా. మా ఇజ్జత్ పడ్డది" అన్నాడు.

జరిగింది ఇదీ. పొద్దున నసీమా ఆడవాళ్ళ వైపు ఫోటోలు తీసింది. అక్కడ ఉన్నదంతా ఆడవాళ్ళే కాబట్టి అందరూ ముసుగులు తీసేసి నవ్వుకుంటూ మిఠాయి తినిపించుకుంటున్నారు. పెళ్ళికూతురు తల్లి తలమీద కొంగు జారిపోయినా పట్టించుకోకుండా చప్పట్లు కొడుతోంది. తర్వాత నిఖా వేళకు నసీమా పరదా సందులోంచి కెమెరాను అన్నకు అందించింది. ఖాజా పెళ్ళికొడుకును తీశాడు. డిజిటల్ అనగానే అందరికీ వెనకాల తెర మీద అప్పటికప్పుడు చూసుకోవాలని ఆత్రం కదా! "జర చూపియ్యి భాయ్" అని పెళ్ళికొడుకు దోస్తులు చుట్టూ మూగారు.

ఖాజా జాగ్రత్తగానే ఉన్నాడు. వెనక్కు నొక్కితే ఆడవాళ్ళ ఫోటోలు వస్తాయని తెలిసి, తన మొదటి ఫోటో దగ్గర పెట్టుకుని ముందుకే నొక్కుతూ పోయాడు. రీలు కెమెరాతో పెరిగిన మనిషి, రీలు అయిపోతే ఆగిపోతుందనే అతని లెక్క. ఫోటోలు దాచే మెమరీ కార్డులో అట్లా ఉండదు. ఆఖరి ఫోటో తర్వాత ఇంకోసారి ముందుకు నొక్కితే గుండ్రంగా తిరిగి కార్డులోని మొట్టమొదటి ఫోటోకు, అంటే నసీమా తీసినదానికే వస్తుంది. తెర మీద పెళ్ళికూతురు తల్లి, కొంగు లేకుండా, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతూ. చుట్టూ పరాయి మగపిల్లలు.

ఆమె మరిది అక్కడే ఉన్నాడు. కొట్లాట కాలేదు. కార్డు ఊడదీసి జేబులో వేసుకున్నాడు, అంతే. కానీ సంగతి పరదా లోపలికి వెళ్ళింది.

"గామె నన్ను తిట్టినా బాగుండు అన్నా" అంది నసీమా. "'నిన్ను నమ్మి ముసుగు దీసినం బిడ్డా' అన్నది. గంతే. ఇగ ఏ ఆడమనిషి నా ముందట నిలవడ్తది?"

 రీలు కాలంలో కూడా ఎక్కడో ల్యాబులో ఎవడో ఒక మగవాడే ఆ ఫోటోలు కడిగేవాడు. కానీ వాడెవడో వీళ్ళకు తెలియదు, వాడికి వీళ్ళెవరో తెలియదు. ఇప్పుడు పెళ్ళిపందిట్లోనే, ఎరిగినవాళ్ళ మధ్యనే తెర వెలుగుతోంది.

"రెండు కార్డులు పెడదం" అన్నాడు ఖాజా. "నీదొకటి, నాదొకటి. కెమెరా అందించేటప్పుడు మారుద్దం."

"కార్డు మారిందో లేదో లోపలున్నోళ్ళకు ఎట్ల తెలుస్తది భాయ్? వాళ్ళకు కనవడేది కెమెరానే. పరదా దాటి పోయే కెమెరా ముందట ఇగ ఎవ్వరూ నవ్వరు." నా వైపు తిరిగింది. "అన్నా, మాకు చిన్నయి రెండియ్యి. నాది అవతలికి పోదు. భాయ్‌ది ఇవతలికి రాదు."

ఖాజా గింజుకున్నాడు. కొత్తకోట ఆయన ముందు చిన్న కెమెరాతో నిలబడాలంటే అతనికి నామోషీ. నేనూ నా వృత్తి ధర్మంగా చెప్పాల్సింది చెప్పాను. "చూడు బిడ్డా, నీకు పెద్దదే మంచిగ కుదిరింది. చిన్నదాంట్ల నీ పాత లెన్సు దానంతటదే ఫోకస్ గాదు. చేతితోని తిప్పుకోవాలె. లోపల వెలుతురు సుత తక్కువుంటది."

"చెయ్యి ఉన్నది గదన్నా" అంది.

 చిన్నదానికి ఆమె పాత లెన్సు తగిలించి ఇచ్చాను. ఫోకస్ సరిగ్గా కుదిరినప్పుడు కిటికీలో అడుగున ఒక ఆకుపచ్చ చుక్క వెలుగుతుంది. దాన్ని చూసి ఎట్లా తిప్పాలో చూపించాను. ఆ మసక కిటికీలో కన్ను పెట్టి, బయట పోయే ఆటోలనూ ఎదురుగా టీ కొట్టునూ తీస్తూ చాలాసేపు కూర్చుంది. పెద్ద కెమెరాను నేను తిరిగి అద్దాల బీరువాలో పెడుతుంటే మాత్రం ఓసారి అటు చూసింది.

ఖాజా ముఖం గంటు పెట్టుకునే "సరే, నీ ఇష్టం" అన్నాడు. రెండూ ఒకటే రకం కాబట్టి ఆమె కెమెరా పట్టీకి ఎర్ర దారం కట్టించాను.

ఆ మొదటి పెళ్ళిళ్ళలో నసీమాకు కష్టమే అయిందని ఖాజా అంటుండేవాడు. పెద్దవయసు ఆడవాళ్ళు ముఖం తిప్పుకునేవాళ్ళట. ఈమె ఏమీ వాదించకుండా, పని అయ్యేదాకా కెమెరా మెడలోంచి తీయకుండా, తర్వాత ఆ ఫోటోలు కూడా ఆడవాళ్ళ చేతికే ఇచ్చి వచ్చేదట. అటు తర్వాత ఆమె కెమెరా పరదా దాటదన్న మాట ఆడవాళ్ళలోనే ఒకరినుంచి ఒకరికి పాకింది.

చాలా రోజులకు ఖాజా ఫ్లాష్ కోసం వచ్చాడు. బయటి నుంచే కేకేశాడు.

"అన్నా, నాగర్‌కర్నూల్ అమ్మ ఫోన్ చేసింది! చిన్నబిడ్డ పెండ్లంట."

"ఏమన్నది?"

"'నసీమా వస్తదా?' అన్నది. వస్తదమ్మా, నేను సుత వస్త అన్న. 'నువ్వు వస్తె రా, లేకుంటె లేదు. పిల్లను మాత్రం తోలియ్యి. ఆమె కెమెరా ఆమెనే తెచ్చుకోవాలె' అన్నది." కోపం తెచ్చుకోవాలో నవ్వాలో తేల్చుకోలేక నిలబడ్డాడు. నేను మాత్రం ఆపుకోలేక పెద్దగా నవ్వేశాను. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆ తర్వాత చాలా ఏళ్ళు కెమెరాలు అమ్మాను. ఏ కెమెరా మంచిదో చెప్పడం నాకెప్పుడూ కష్టం కాలేదు. కానీ అప్పటినుంచి బల్ల మీద ఏదీ పెట్టకముందే ఇంకో సంగతి అడిగేవాణ్ణి: దీని ముందు నిలబడేది ఎవరు? వాళ్ళు ఎవరిని నమ్మి నిలబడతారు? ఆ మనిషి చేతిలోనే ఉండిపోయేదే సరైన కెమెరా.