తలకిందుల వదిన

ఆవిడకు ఆ పేరు పెట్టింది సొంత ఆడపడుచు. దాన్ని పరిశోధనశాల దాకా మోసుకొచ్చింది ఆడపడుచు భర్త. ఆయన అక్కడే క్రేన్ నడుపుతాడు.

వదిన పని ఆకాశం నుంచి రాలే కణాల్లో ప్రతికణాలను కొలవడం. అవేమిటని ఆడపడుచు ఒకసారి అడిగింది.

"బరువు అదే, తీరు అదే. విద్యుదావేశం మాత్రం ఎదురు. రెండూ కలిస్తే రెండూ మాయం."

"అచ్చం నువ్వూ మా అన్నయ్యా! మరి మీరింకా మాయం కాలేదేం వదినా?"

కొలిచే పెట్టె బీరువా అంత ఉంటుంది. లోపలి అయస్కాంతం కణాన్ని ఒకవైపు వంచితే, దాని ప్రతికణాన్ని రెండోవైపు వంచుతుంది. పెట్టె కిందా పైనా ఒకేలా కనిపిస్తుంది కాబట్టి, పైభాగం ఏదో తెలిసేలా పక్కన బాణం అంటిస్తారు.

కొలతల కోసం ఈసారి ఆకాశంలోకి ఎగిరే బెలూన్‌లో ఒక్క పెట్టెకే చోటుంది. పక్క గదివాళ్ల పెట్టె కూడా కాచుకుని కూర్చుంది. తనిఖీ పెద్దలు వచ్చేలోగా వదిన తన పెట్టె సరిగ్గా కొలుస్తుందని చూపించాలి. పరీక్ష తేలికైనదే. నేల మీదికి చేరే మ్యూయాన్ అనే కణాల కన్నా వాటి ప్రతికణాలు కొంచెం ఎక్కువగా ఉంటాయి. అంత మాత్రం చూపిస్తే చాలు.

వదిన పెట్టె మాత్రం ప్రతికణాలే తక్కువని చూపించింది. వైర్లు మార్చింది, తక్కువే. అయస్కాంతాన్ని తిట్టింది, అయినా తక్కువే. పక్క గదివాళ్లు పరామర్శకు వచ్చారు. మాటల్లో జాలి, మొహాల్లో పెళ్లికళ.

ఆఖరికి క్రేన్ దగ్గరికి పరుగెత్తింది.

"అన్నయ్యా, పెట్టెను ఈ హాల్లోకి తెచ్చేటప్పుడు ఎక్కడైనా పడేశారా?"

"పడేస్తే చెప్పనా చెల్లెమ్మా? బాణం కిందికుంటే తిప్పి పెట్టాను, అంతే."

"కిందికెందుకుంటుంది? అంటించింది నేనే!"

"ఎలా అంటించావేంటి?"

వదినకు అప్పుడు గుర్తొచ్చింది. పెట్టె పక్కన వైర్లు బిగించడానికి ఆ రోజు పైనుంచి తలకిందులుగా వేలాడింది. ఇద్దరు కాళ్లు పట్టుకున్నారు. పనిలో పనిగా బాణం కూడా అంటించింది, తన తలవైపుకి.

ఇప్పుడు కణాలు అసలు అడుగుభాగం నుంచి దూరుతుంటే, కంప్యూటర్ మాత్రం అసలు పైభాగం నుంచే వస్తున్నాయనుకుని వంపును ఎదురుగా లెక్కేస్తోంది.

పెట్టెను తిప్పే వ్యవధి లేదు. తనిఖీ పెద్దలు గుమ్మంలోకి వచ్చేశారు. పక్క గదివాళ్లు వెనకాలే ఉన్నారు. వదిన ఉన్నదున్నట్టు చెప్పేసింది, వేలాడిన సంగతితో సహా.

అందరికన్నా పెద్దాయన నవ్వలేదు. "తిప్పించి మళ్లీ కొలవండి," అన్నాడు.

తిప్పారు. ప్రతికణాలు ఎక్కువయ్యాయి, ఉండాల్సినంత మేరకే.

"తలకిందులుగా పెడితే తలకిందుల లెక్క, నిటారుగా పెడితే నిటారు లెక్క. పెట్టెకు వంకేం లేదు, ఎగరొచ్చు. బాణం మాత్రం ఇంకెవరైనా అంటించండి," అన్నాడు పెద్దాయన.

ఆ పని క్రేన్ ఆయనకు పడింది. బెలూన్ ఎగిరిన రోజు పెట్టె మీద కొత్త బాణం, దాని పక్కన ఆయన చేతిరాత కనిపించాయి:

"పైభాగం ఇదే. మా చెల్లెమ్మ నిలబడే చూసింది."