నాయనమ్మ సవతి రాతిచేప

ఉన్న సముద్రాలన్నీ కలిపి వడగట్టినా మా నాయనమ్మ నాలుక మీదున్నంత విషం దొరకదు. రాతిచేపకు ముళ్లు వీపు మీద ఉంటాయి, నాయనమ్మకు పెదాల మధ్య వరసగా గుండుసూదులు ఉంటాయి. ముందుగదిలో కుట్టుమిషను దగ్గర కూర్చుని, ఒక్క సూదీ జారకుండా వీధి మొత్తాన్ని ఉతికి ఆరేయగలదు.

అలాంటి మనిషికి ముసలితనంలో సవతి వచ్చింది.

తాతయ్యది చేపల ప్రదర్శనశాలలో మేత వేసే పని. అంతవరకు ఆయన మేపినవన్నీ పైకి ఎగబడి వచ్చి, పట్టకారులోంచి లాక్కుని తినే రకాలు. అక్కడికి కొత్తగా రాతిచేపను తెచ్చారు. ఒళ్లంతా పులిపిర్లు, బురద రంగు, ఆకాశం వైపు తెరుచుకునే నోరు. ఇసుకలో సగం కూరుకుపోయి పడుంటే, పాచి పట్టిన రాయికీ దానికీ తేడా తెలియదు. వీపు మీద పదమూడు ముళ్లు, ముల్లు ముల్లుకీ విషపు సంచులు. వెంటపడి ఎవరినీ కుట్టదు. తెలియక దాని మీద కాలేసినవాడి సంగతి మాత్రం చెప్పనక్కర్లేదు.

తాతయ్య దానికి మనసిచ్చేశాడు.

"ఇవాళ కూడా ఏం తినలేదే, పాపం," అనేవాడు చెప్పులైనా విప్పకుండా.

"ఎవరు?"

"ఇంకెవరు, అదే."

"నేనూ తినలేదు. అడిగారా?"

"నీకేమే, వంటగది నీ చేతిలోనే ఉందిగా."

ఆ కోపంలో నాయనమ్మ మిషను తొక్కిన తొక్కుడుకి ఎవరిదో చొక్కా చేతులు రెండూ మూసుకుపోయాయి.

అసలు దెబ్బ, ప్రదర్శనశాల గేటు దగ్గర టికెట్లు చింపే ఆవిడ రవిక కొలత ఇవ్వడానికి వచ్చినప్పుడు తగిలింది. "మీ ఆయన ఎంత జాలిగుండె మనిషండీ! ఆ చేప గొంతులో గుచ్చుకుంటాయని ముక్కలోంచి ముళ్లు ఏరి మరీ పెడుతున్నాడు," అంది ఆవిడ. పెళ్లయిన నాటినుంచీ తాతయ్య కంచంలో చేప ముళ్లు ఏరి పెట్టేది నాయనమ్మే. ఆయన వేళ్లకు ఆ పని వచ్చని ఆమెకు అప్పుడే తెలిసింది.

ఇంకో మాట కూడా ఆవిడే మోసుకొచ్చింది. సోమవారంలోగా చేప మేత ముట్టకపోతే తెచ్చినచోటికే పంపేస్తామని మేనేజరు తేల్చేశాడట. నాయనమ్మ కడుపు చల్లబడింది. సాగనంపేలోగా సవతి మొహం ఒక్కసారి చూసి, నాలుగు మాటలు అనాలనిపించింది. ఆదివారం ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని బయల్దేరింది.

తొట్టె వెనక ఇరుకు నడవ, తడి నేల, మోటారు రొద. తాతయ్య పీట మీద నిలబడి, లోపలికి వంగి, పొడుగాటి పట్టకారుతో ముక్కను నీళ్లలో పట్టుకున్నాడు. చెయ్యి ఇసుమంతైనా కదలడం లేదు. "భయపడకమ్మా. నెమ్మదిగా తిను. ఎవరూ తరమడం లేదు," అంటున్నాడు.

తనతో ఒక్కనాడైనా అంత మెత్తగా మాట్లాడాడా? నాయనమ్మ గాజు మీద వేలు పొడిచి అందుకుంది. "సిగ్గులేదటే? ఇంత మొహం, దానికింత నీలుగుడా? పండు ముసలాడితో ఊడిగం చేయించుకుంటూ మంచం దిగని మహారాణీ!"

ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు తాతయ్య మెల్లగా అన్నాడు. "నువ్వు తిడుతున్నది ఉత్త రాయిని. అది ఈ పక్కనుంది."

నాయనమ్మ మొహం కందగడ్డైంది. "ఇలా తెండి!" అని పట్టకారు లాక్కుని, ఆయన్ని పీట దింపి తనెక్కింది. ఈసారి అసలు సవతి మూతి ముందే ముక్కను ఆడించింది. "తింటావా? పోతావా? ఆయన ముళ్లు ఏరిన ముక్క నీకు పనికిరాదా?"

మాట మాటకీ ముక్క నీళ్లలో గిలగిల్లాడింది. ఇసుక లేచింది. అంతే, పట్టకారు ఖాళీ. చేప మళ్లీ రాయిలా పడుంది.

కదలనిదాన్ని ఆ చేప తిండి అనుకోదు. కదలకుండా పొంచి ఉండి, మూతి ముందు కదిలినదాన్ని రెప్పపాటులో మింగడమే దాని బతుకు. తాతయ్య ప్రేమకొద్దీ చెయ్యి కదపకుండా దాన్ని పస్తులుంచాడు. కుళ్లుతో ఊగిపోయిన నాయనమ్మ దాని కడుపు నింపి, సవతిని తన చేత్తోనే నిలబెట్టుకుంది.

తాతయ్య కూడా ఇప్పుడు ముక్క ఆడిస్తున్నాడు గానీ, ఆయన ఆడించడంలో కసి లేదట. అందుకని ప్రతి ఆదివారం నాయనమ్మే వెళ్లి, తిట్టి, తినిపించి వస్తోంది.

ఇదంతా రాసి, నాయనమ్మకే చదివి వినిపించి, "ఇంకా కుళ్లుగానే ఉందా నాయనమ్మా?" అని అడిగాను.

నాయనమ్మ నోట్లోంచి సూదులు తీసింది.

"ఉండదటే? తినిపించేది నేను. ఆయన ఇప్పటికీ ముళ్లు ఏరుతున్నది దానికి. నా కంచంలో ఒక్క ముల్లు ఏరమను, అప్పుడొచ్చి అడుగు."