ఎడమకు తిరిగితే ఆగిపోయే బండి

ఈ ఉదయం మా ల్యాబ్‌లో ఎవరో తీగలు అతుకుతూ సోల్డరింగ్ చేస్తున్నారు. ఆ పొగ వాసన ముక్కుకు తగలగానే గుమ్మంలోనే నిలబడిపోయాను. అందరికీ అది కాలిన వాసన. నాకది రత్నం అంకుల్ గ్యారేజ్. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ వాసనకు గుండె చిన్నపిల్లలా గంతులేస్తుంది.

ఆయనది రేపల్లె దగ్గర ఊరు. అమెరికా వచ్చి, మేముండే చాండ్లర్‌లో కంప్యూటర్ చిప్పులు తయారుచేసే ప్లాంట్‌లో యంత్రాలు బాగుచేసి రిటైరయ్యారు. మా తెలుగు చర్చిలో మైకు మూగబోయినా, ఎవరి కారు మొరాయించినా ఆయనకే కబురు వెళ్లేది. బట్టతల, మెడలో తాడుకు వేలాడే కళ్లజోడు, ఎవరినీ తొందరపడనివ్వని మొండితనం. ఆ మొండితనం చూస్తే మొదట్లో నాకు ఒళ్లు మండేది.

అప్పటికి నేను కాంట్రాక్ట్ ఉద్యోగంలో చేరి మూడు నెలలు. ఇంట్లో ఉన్న ఒక్క కారు మావారు తీసుకెళ్లేవారు. నాకు పాత మోటార్‌సైకిలే దిక్కు. విజయవాడలో కాలేజీ రోజుల నుంచీ బండి నడిపినదాన్ని, కాబట్టి గర్వంగానే ఉండేది. అయితే ఆ బండికో జబ్బు. సిగ్నల్ దగ్గర ఎడమకు తిరుగుతుంటే ఉన్నట్టుండి ఇంజిన్, లైటు రెండూ ఆరిపోయేవి. నడిరోడ్డు మీద నేను, చుట్టూ కార్ల హారన్లు. తాళంచెవి పెట్టి తిప్పే ఇగ్నిషన్ స్విచ్‌ను అప్పటికే రెండుసార్లు మార్చాను. మార్చిన ప్రతిసారీ రెండు మూడు వారాలు బుద్ధిగా నడిచి మళ్లీ మొదటికే వచ్చేది. ఇంకొక్కసారి ఆలస్యమైతే కాంట్రాక్ట్ పొడిగించలేనని మేనేజర్ మెత్తగానే చెప్పేశాడు. ఆ శనివారం మూడో స్విచ్ పట్టుకుని అంకుల్ గ్యారేజ్‌కి పరుగెత్తాను.

"ఒక్క అరగంట అంకుల్. స్విచ్ రీప్లేస్ చేస్తే సెట్ అయిపోతుంది."

"పోయినసారి కూడా సెట్టయిందిగా. ఎందుకు సెట్టయింది?"

"కొత్తది వేశాను కాబట్టి."

"మరి ఎందుకు చెడింది?"

అది నేను ఆలోచించనే లేదు. ఆఫీసులో మా అలవాటే అంత: కంప్యూటర్ రీస్టార్ట్ చేస్తే సమస్య పోయిందా, ఫిర్యాదు టికెట్ క్లోజ్. ఆయన కొత్త స్విచ్‌ను డబ్బా విప్పకుండానే అలమారాలో పెట్టేశారు. "ఎందుకు పోయిందో తెలీకపోతే అది పోలేదమ్మా, దాక్కుంది. ముందు దాన్ని బయటికి రప్పిద్దాం."

తాళం తిప్పి, లైటు వెలిగించి, హ్యాండిల్‌ను మెల్లగా అటూ ఇటూ తిప్పమన్నారు. కుడికి తిప్పాను, ఏమీ లేదు. ఎడమకు తిప్పాను, ఏమీ లేదు. ఇరవైసార్లు, ముప్పైసార్లు. చేతులు లాగేస్తున్నాయి. విసుగు ముక్కు దాకా వచ్చింది. అప్పుడు ఎడమవైపు చివరిదాకా తిప్పేసరికి లైటు ఒక్క క్షణం ఆరి వెలిగింది.

"వచ్చింది అంకుల్!" అని నేను అరిచిన అరుపుకు పక్కింటి కుక్క మొరిగింది.

"ఆగాగు, ముట్టుకోమాక. ఒకసారి వస్తే అదృష్టం. మూడుసార్లు రప్పించు."

మూడుసార్లూ వచ్చింది! స్విచ్ కింద తీగల మీదున్న నల్ల తొడుగు చీరి, ఒక్కో తీగనూ వంచి చూడమన్నారు. ఎర్రతీగ పైకి నిక్షేపంలా ఉంది, కానీ ఒకచోట మాత్రం మరీ మెత్తగా వంగింది. లోపలి రాగి తెగిపోయింది. స్విచ్ మార్చినప్పుడల్లా తీగ కదిలి తెగిన కొనలు తాకేవి, కొన్నాళ్లకు మళ్లీ విడిపోయేవి. ఆ తీగల్ని బిగించి కట్టిన ప్లాస్టిక్ పట్టీ ఎవరిదో తెలుసా? నాదే. బండి కొన్న కొత్తలోనే, తీగలు వేలాడుతూ అసహ్యంగా ఉన్నాయని నేనే కట్టాను. ఎడమకు తిప్పినప్పుడల్లా తీగ గుంజుకుపోయేది. సిగ్గుతో ముఖం వేడెక్కింది, ఆ వెంటే పట్టరాని సంతోషం. దొంగ దొరికాడు!

ఆయన సోల్డరింగ్ ఐరన్ నా చేతిలో పెట్టారు. "నువ్వే అతుకు. సోమవారం రోడ్డు మీద నేనుండను గదా."

తెగినచోట కొత్త ముక్క వేసి అతికాను. హ్యాండిల్ తిరగడానికి వీలుగా తీగను కాస్త వదులుగా ఉంచాను. వందసార్లు తిప్పినా లైటు ఆరలేదు.

సోమవారం అదే సిగ్నల్. ఆకుపచ్చ బాణం రాగానే ఊపిరి బిగబట్టి ఎడమకు తిరిగాను. ఇంజిన్ ఆగలేదు! హెల్మెట్ లోపలే కేక పెట్టాను. అప్పుడు కనిపించింది అద్దంలో, నా వెనకాలే వస్తున్న ఆయన పాత తెల్ల ట్రక్కు. ఆఫీసు పార్కింగ్ దాకా వచ్చి, నేను బండి దిగాక, వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

వెంటనే ఫోన్ చేశాను. "రానన్నారు కదా అంకుల్? నా పని మీద నమ్మకం లేదా?"

"నమ్మకం లేకపోతే నేనే అతికేవాణ్ణి గదమ్మా. ఒకవేళ ఆగితే నిన్ను టైముకి ఆఫీసులో దింపాలిగా."

కాంట్రాక్ట్ పొడిగించారు. ఆ తర్వాత ఉద్యోగం పర్మనెంటయింది. అంకుల్ ఇప్పుడు దూరంగా బాతెల్ అనే ఊళ్లో కూతురి దగ్గర ఉంటున్నారు. నా కింద నలుగురు పనిచేస్తున్నారు. తప్పు ఎక్కడుందో వాళ్లే పట్టుకునేదాకా నేను నోరు విప్పను. విసుక్కుంటారు, విసుక్కోనీ. వాళ్లు చేసిన పని మొదటిసారి వాడేవాళ్ల చేతికి వెళ్లే ఉదయం మాత్రం, ఎక్కడైనా ఆగితే అందుకుందామని గంట ముందే లాగిన్ అయి కూర్చుంటాను. ఇంతవరకూ నా అవసరం ఎవరికీ పడలేదు. నేను అక్కడ ఉంటానని కూడా వాళ్లకు తెలియదు.