అమ్మ బొట్టు పెట్టి పిలిచిన ఆవిడ

ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే "నువ్వు చూశావా?" అని అడిగి వాళ్ళ నోరు మూయించడం చిన్నప్పటి నుంచీ నాకు సరదా. ఎవరూ చూసి ఉండరు. వాళ్ళ బాబాయి చూసుంటాడు, లేకపోతే బాబాయి స్నేహితుడు. నా ఉద్యోగం కూడా అలాంటిదే. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే టెస్టర్‌ని. ఫలానా చోట తప్పుందని ఎవరు చెప్పినా, నా కళ్ళ ముందు మళ్ళీ జరిగితేనే ఒప్పుకుంటాను.

అందుకే ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. దీన్ని మళ్ళీ జరిపించి చూపించలేను. జరగకూడదనే నా కోరిక.

మేముండేది ఆర్కాన్సా రాష్ట్రంలో, బెంటన్‌విల్‌లో. నేనూ, మా ఆయన కిరణూ. అంతకు ముందు ఏడాది నాకు ఒక కడుపు నిలవలేదు. రెండోసారి నెల తప్పినప్పుడు గట్టిగా తుమ్మడానికి కూడా భయపడ్డాను. ఆ భయం చూసే అమ్మ గుంటూరు నుంచి పురుడికి చాలా ముందే వచ్చేసింది.

ఏడో నెలలో సీమంతం చేస్తానని అమ్మ పట్టుబట్టింది. ఇక్కడ పిలుపులన్నీ వాట్సాప్‌లోనే. అమ్మ ఒప్పుకోలేదు. "ఫోన్లో పిలిస్తే పిలిచినట్టా? వాళ్ళు వస్తే వచ్చినట్టా?" అంది. వెండి కుంకుమ భరిణె హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకుని మా అపార్ట్‌మెంట్లలో తలుపు తలుపూ తట్టి, ఆడవాళ్ళ నుదుట బొట్టు పెట్టి మరీ పిలిచింది. మా వైపు అదే మర్యాద. బొట్టు పెట్టి పిలిస్తే ఇక అటు వాళ్ళు రాకుండా ఉండకూడదు, ఇటు మనం వద్దనకూడదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

సీమంతానికి ముందు, అక్టోబరులో, కిరణ్ న్యూ మెక్సికో చూపిస్తానన్నాడు. డాక్టర్ సరేనంది. కార్లో మెల్లగా, ఆగుతూ ఆగుతూ వెళ్ళాం. అంత ఎండ, అంత నీలం ఆకాశం నేను అమెరికాలో ఇంకెక్కడా చూడలేదు. ఆల్బకర్కీ పాత బజారు, శాంటా ఫేలో మట్టి గోడల ఇళ్ళు, వీధుల్లో గిటార్లు. అన్నిటికంటే అమ్మని పడగొట్టింది మిరపకాయలు. ప్రతి గుమ్మం పక్కనా ఎర్రటి ఎండుమిరప దండలు వేలాడుతుంటాయి. హోటల్లో కూర్చోగానే ఎర్ర మిరప కావాలా, పచ్చి మిరప కావాలా అని అడుగుతారు.

"ఇంత దూరం వచ్చి మళ్ళీ గుంటూరు మిరపయార్డులోనే పడ్డామా!" అని అమ్మ ఒకటే నవ్వు. ఆ రెండు రోజులూ చాలా హాయిగా గడిచాయి.

మూడో రోజు పొద్దున్న ఒక ఆదివాసీ గ్రామం చూశాం. అక్కడ ఫొటోలు తీయకూడదన్నారని ఫోన్లు బ్యాగ్‌లో పెట్టేశాం. ఆ తర్వాత జరిగినదానికి ఫొటో ఏదీ అని అడిగేవాళ్ళకి ఇదే నా జవాబు. బ్యాగ్‌లోంచి ఫోన్ తీయాలని ఎవరికీ తోచలేదు.

మధ్యాహ్నం కొండదారిలో వెళ్తుంటే నాకు బాత్‌రూమ్ అవసరం పడింది. కిరణ్ రోడ్డు దిగి నాలుగు మట్టి ఇళ్ళున్న చిన్న పల్లెలోకి పోనిచ్చాడు. ఎండ నెత్తి మాడుస్తోంది. చివరి ఇంటి ముందు అరుగు మీద ఒక పెద్దావిడ కూర్చుని మిరపకాయలు దండ గుచ్చుతోంది. నెరిసిన జుట్టు ముడి, పూల ఏప్రన్, మోచేతుల దాకా మడిచిన మగవాళ్ళ చొక్కా. నేను పొట్ట మీద చెయ్యి పెట్టుకుని అడగబోతే ఆవిడే అర్థం చేసుకుని ఇంటి వెనక్కి చెయ్యి చూపించింది.

నేను తిరిగి వచ్చేసరికి అమ్మ ఆవిడ పక్కన చతికిలబడి మిరపకాయలు గుచ్చుతోంది. అమ్మ తెలుగులో మాట్లాడుతోంది, ఆవిడ స్పానిష్‌లో. ఇద్దరూ తలలూపుకుంటున్నారు. ఆవిడ రేకు గ్లాసుతో నాకు నీళ్ళిచ్చింది. తాగాను. చల్లగా ఉన్నాయి, కాస్త ఇనుము రుచి తగిలింది. తర్వాత ఆవిడ నన్ను దగ్గరికి పిలిచి పొట్ట మీద అరచెయ్యి ఆనించింది. ఎండిన మట్టిలా గరుకుగా, పొడిగా ఉందా చెయ్యి. అది కుర్తా మీద ఎర్రటి మిరప మరక వదిలింది. అమ్మ ఆ రాత్రే హోటల్ సింకులో దాన్ని ఉతికి పారేసింది. మరకని చూస్తూ ఊరుకోవడం అమ్మవల్ల కాదు.

కారెక్కబోతూ అమ్మ వెనక్కి తిరిగింది. భరిణె తీసి ఆవిడ నుదుట బొట్టు పెట్టింది.

"మా అమ్మాయి సీమంతం అక్కయ్యగారూ. మీరు తప్పకుండా రావాలి. బెంటన్‌విల్. బెం-ట-న్-వి-ల్."

ఆవిడ నవ్వింది. "బెంటన్‌విల్," అని స్పష్టంగా తిరిగి పలికింది. ఆవిడ నోట మాకు అర్థమైన మాట అదొక్కటే. కార్లో కూర్చున్నాక నేను అమ్మని ఏడిపించాను. "పెద్దావిడకి టికెట్ కూడా బుక్ చెయ్యకపోయావా!" అన్నాను. కిరణ్ స్టీరింగ్ మీద పడి నవ్వాడు.

మర్నాడు పొద్దున్నే అమ్మ బ్యాగ్ తిరగేసి గొల్లుమంది. భరిణె లేదు. అరుగు మీదే మర్చిపోయింది. వాళ్ళమ్మ ఇచ్చిన భరిణె అది. ఎలాగూ తిరుగు ప్రయాణమేగా అని మళ్ళీ ఆ పల్లెకి వెళ్ళాం.

అరుగు ఉంది. ఇల్లు లేదు.

అంటే గోడలున్నాయి. కప్పు లేదు. గుమ్మానికి తలుపు లేదు. లోపల గది మధ్యలో నా నడుమెత్తున ముళ్ళపొద పెరిగి ఉంది. నిన్న నేను వెళ్ళిన వెనక వైపు కూలిన ఇటుకలు తప్ప ఏమీ లేవు. ఒక్క మిరపకాయ లేదు. కిరణ్ ఇది వేరే ఇల్లన్నాడు. కారులో ఆ పల్లె ఆ చివర నుంచి ఈ చివరకి రెండుసార్లు తిప్పాడు. మిగతా ఇళ్ళన్నీ నిన్నటివే. ఈ ఒక్కటే ఇలా ఉంది.

నాకు కోపం వచ్చింది. భయం కంటే ముందు కోపమే వచ్చింది. ఎవరో మమ్మల్ని వెర్రివాళ్ళని చేస్తున్నారనిపించింది. అప్పుడు కిరణ్ "అత్తయ్యా" అని మెల్లగా పిలిచాడు.

భరిణె అరుగు మీద ఉంది. మూత పెట్టే ఉంది. దాని పైన గోడకి, కూర్చున్న మనిషి నుదురు ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తులో, మట్టి మీద కుంకుమ బొట్టు ఉంది. గుండ్రంగా, అమ్మ ఉంగరం వేలితో పెట్టేంత బొట్టు.

నాకు ఆ గ్లాసు నీళ్ళు గుర్తొచ్చాయి. లోపల బిడ్డ కదులుతోందా లేదా అని చెయ్యి పెట్టి చూసుకున్నాను. కదల్లేదు. కారెక్కి చాలా దూరం వెళ్ళేదాకా కదల్లేదు. ఆ దారంతా నేను ఏ దేవుడికి మొక్కానో నాకే తెలియదు. కదిలినప్పుడు మాత్రం వెక్కి వెక్కి ఏడ్చాను. కిరణ్ కారు పక్కకి తీసి ఆపి, నా చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు.

అమ్మ టెక్సాస్ దాటాక అన్నది ఒకటే మాట.

"బొట్టు పెట్టి పిలిచానే."

ఇంటికొచ్చాక నేను మామూలు మనిషిని కావడానికి చాలా ప్రయత్నించాను. ఎండదెబ్బ అన్నాను. ముగ్గురికీ ఒకేసారా అని కిరణ్ అడిగాడు. సీమంతం మానేద్దామన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. అమ్మ లెక్క అమ్మకుంది. పిలిచి మానేస్తే అవమానం. వచ్చేసరికి తలుపు వేసి ఉంటే ఇంకా అవమానం. కడుపుతో ఉన్న పిల్ల ఇంటి ముందు అలాంటి అవమానం జరగకూడదంది.

"వచ్చిన మనిషికి మర్యాద చేసి పంపిద్దాం. ఇంకేం చెయ్యగలం?"

అమ్మ అంత భయపడటం నేనెప్పుడూ చూడలేదు. రోజూ సాయంత్రం నాకు దిష్టి తీసేది. ఉప్పుతో మాత్రమే తీసేది, ఎండుమిరపకాయలు వాడేది కాదు. ఎందుకని నేనూ అడగలేదు.

సీమంతం మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో, పట్టపగలు జరిగింది. అంతా ఎప్పుడూ ఉండేలాగే ఉంది. పట్టుచీరలు, మొబైల్లో పాటలు, పరుగులు పెట్టే పిల్లలు. భోజనాలు బయటి నుంచి ట్రేలలో తెప్పించాం. ఆ హాల్లో పొయ్యి లేదు. అమ్మ నా కుర్చీకి ఎదురుగా ఒక కుర్చీ వేసి, మీద కొత్త జాకెట్టు గుడ్డ పరిచి, ఎవరినీ కూర్చోనివ్వలేదు. నా స్నేహితురాలు దివ్య కూర్చోబోతే లేపేసింది.

తలుపు తెరుచుకున్నప్పుడల్లా అటు తిరిగి చూశాను. ప్రతిసారీ తెలిసిన మొహమే. సగం అయ్యేసరికి ధైర్యం వచ్చింది. అందరూ ఒకరి తర్వాత ఒకరు వచ్చి చేతులకి గంధం, చెంపలకి పసుపు రాస్తున్నారు. పసుపు కంట్లో పడకుండా నేను కళ్ళు మూసుకున్నాను.

అప్పుడు ఒక అరచెయ్యి నా పొట్ట మీద ఆనింది. పొడిగా, గరుకుగా ఉంది. పట్టుచీర మీద నుంచి కూడా తెలిసింది.

కళ్ళు తెరిచాను. ఎదురుగా ఎవరూ లేరు. దివ్య గంధం గిన్నెతో నాలుగడుగుల అవతలే ఆగిపోయి ఉంది. అదే క్షణంలో హాలంతా దగ్గు మొదలైంది. మూకుట్లో ఎండుమిరపకాయలు మాడితే వచ్చే ఘాటు. పిల్లలు ఏడ్చారు. ఆడవాళ్ళు కొంగులు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు.

"ఎవరే మిర్చి గోలిస్తున్నరు? కిటికీలు తియ్యుర్రి!" అని దివ్య అరిచింది.

ఇది నా ఒక్కదాని మాట కాదు. అక్కడున్నవాళ్ళందరికీ ఆ దగ్గు గుర్తుంది. ఇప్పటికీ పార్టీల్లో కలిస్తే నవ్వుకుంటారు. నేను నవ్వలేను.

అమ్మ దగ్గలేదు. ఆ ఖాళీ కుర్చీ ముందు నిలబడి రెండు చేతులూ జోడించింది. "వచ్చారా అక్కయ్యగారూ, చాలా సంతోషం," అంది. తాంబూలం, అరటిపళ్ళు కుర్చీలో పెట్టింది. ఎవరు బయల్దేరినా "మళ్ళీ రండి" అనకుండా గుమ్మం దాటనివ్వని మనిషి, ఆ రోజు ఆ మాట అనలేదు. తలుపు తెరిచి పట్టుకుని అలాగే చాలాసేపు నిలబడింది. కాసేపటికి ఘాటు తగ్గింది.

నాకు నెలలు నిండాక పాప పుట్టింది. ఏ ఇబ్బందీ రాలేదు. ఏడుపు గట్టిగా వినిపించింది. కిరణ్ ఏడ్చాడు, నేనూ ఏడ్చాను. నర్సు పాపని తుడిచి, గుడ్డలో చుట్టి అమ్మ చేతికిచ్చింది.

అమ్మ పాప మొహం చూసి, కొంగు వేలికి చుట్టుకుని నుదురు తుడవడం మొదలుపెట్టింది. మెల్లగా తుడిచింది. మళ్ళీ తుడిచింది. ఏమైందని అడిగాను. మాట్లాడకుండా పాపని నాకు చూపించింది.

రెండు కనుబొమల మధ్య ఎర్రటి మచ్చ ఉంది. గుండ్రంగా, ఉంగరం వేలి కొసంత.

చాలామంది పిల్లలకి అలా ఉంటుందని, మెల్లగా పోతుందని పిల్లల డాక్టర్ చెప్పింది. నేను చదివాను కూడా. నిజమే, చాలామందికి ఉంటుంది. టెస్టర్‌గా నాకు ఆ జవాబు సరిపోవాలి. పాప ఏడ్చినప్పుడు, ఎండలోకి వెళ్ళినప్పుడు ఆ మచ్చ మరీ ఎర్రబడుతుంది. ఇప్పుడు పాపకి మూడేళ్ళు. మచ్చ ఇంకా పోలేదు.

ఆ మధ్యాహ్నం నేను తాగిన నీళ్ళు ఎక్కడివో, హాల్లో ఆ ఘాటు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఈ రోజుకీ తెలియదు. తెలిసినట్టు నటించను. అయితే నన్ను నిద్రపోనివ్వనిది అది కాదు. ఆవిడ మాకు చెడు చేసిందని నేను అనలేను. మర్యాద తెలిసిన మనిషి. అమ్మ బొట్టు పెట్టి పిలిచింది, అంత దూరం నుంచి వచ్చింది, బిడ్డని దీవించినట్టే చెయ్యి పెట్టింది.

కానీ మా ఆచారం నాకు తెలుసు కదా. ఇంటికొచ్చి ఎవరి నుదుటనైనా బొట్టు పెట్టి వెళ్ళారంటే, వాళ్ళని తమ ఇంటికి పిలిచి వెళ్ళినట్టు. ఆ ఇల్లెక్కడుందో మాకు తెలుసు. పాపని ఎప్పుడు రమ్మందో తెలియదు.