టిఫిన్ మూత చుట్టూ పేర్లు

పొద్దున ఫినాయిల్ డబ్బా మూత తీయగానే ఆ ఘాటుకి రమణమ్మ దీదీ గుర్తొచ్చింది. ఇవాళ గుర్తు రాకుండా ఉంటే ఎంత బాగుండేది! అండమాన్‌లోని వండూర్‌లో నేను సూపర్‌వైజర్‌గా ఉన్న ఈ లాడ్జిలో, నా టేబుల్ మీద పనిపిల్లలు రాసిచ్చిన అర్జీ ఒకటి ఉంది. కూర్చోలేను, నిలబడలేను, దాని చుట్టూ తిరుగుతున్నాను. ఇది మొదలుపెట్టిందెవరో సాయంత్రంలోగా పేరు చెప్పమన్నాడు మేనేజర్. చెబితే ఆ పిల్ల ఉద్యోగం ఊడుతుంది, చెప్పకపోతే నాది.

దీదీ ఇప్పుడు లేదు. పోర్ట్‌బ్లెయిర్‌లో ఒక ఆఫీసులో కాంట్రాక్టు మీద ఊడ్చే పనికి చేరినప్పుడు నాకు ఇరవై నిండలేదు. దీదీ అప్పటికే అక్కడ పనిచేస్తోంది, ప్రోతరాపూర్ నుంచి ఇద్దరం ఒకే బస్సులో వెళ్లేవాళ్లం. దీదీ వాళ్ల తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చాడట, ఈమె మాత్రం ఇక్కడే పుట్టింది. మొదటి రోజే నా చేతిలో నీళ్ల సీసా చూసి, “తాగకే పిల్లా, మజ్జాన్నం దాకా బిగబట్టుకోవాల” అంది. ఆ ఆఫీసులో బాత్రూంలు కడిగేది మేమే. కడగ్గానే ఆడవాళ్ల బాత్రూంకి తాళం పడేది. తాళంచెవి స్టాఫుకే, మాకు కాదు. మేం బస్టాండు దాకా నడవాలి. “మన సేతులు పనికొస్తాయంట, మనం పనికిరామంట. క్యా హిసాబ్ హై, ఏం లెక్కో!” అని నవ్వేది దీదీ. నాకు నవ్వొచ్చేది కాదు, ఒళ్లు మండిపోయేది.

ఆఫీసరుని నోటితో ఎన్నిసార్లు అడిగినా “దేఖేంగే”, చూద్దాంలే అనేవాడు. చివరికి దీదీ, “కాయితం రాసీ లచ్చిమీ. ఆడు దాన్ని సూడకుండా ఎలాగుంటాడో సూద్దాం” అంది. నాకు తెలుగు రాయడం అంతంతమాత్రం, హిందీలో రాశాను. రాయడం సులువే. సంతకం దగ్గరే తోటి పనివాళ్లందరూ పైకప్పుకేసి చూశారు. మొదటి పేరు ఎవరిదైతే మొదటి వేటు వాళ్లకే కదా.

“నాకు ముగ్గురు పిల్లలు దీదీ” అని గౌరి గోడ పక్కకి జరిగింది.

దీదీ తిట్టలేదు. తన టిఫిన్ మూత కొంగుతో తుడిచి, కాగితం మీద బోర్లించి, పెన్సిలుతో చుట్టూ గీసింది. “ఇప్పుడు సెప్పండి, మొదలెక్కడుంది?” అంది. అంతే, ఆ గీత వెంట అందరం పేర్లు రాశాం, రాయడం రానివాళ్లు వేలిముద్ర వేశారు. ఒకచోట మాత్రం ఖాళీ వదిలింది. ఎందుకని అడిగితే, “దైర్యం లేటుగా వచ్చేవోళ్లకి” అంది. మర్నాడు బస్సు దిగుతూనే గౌరి పెన్ను అడిగింది.

ఆఫీసరు మమ్మల్ని వరసగా నిలబెట్టాడు. కాగితాన్ని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. మొదట ఎవరు రాశారని హిందీలో అరిచాడు. దీదీ, “గోల్ హై సాబ్” అంది. గుండ్రంగా ఉంది, మీరు ఎక్కడ మొదలుపెడితే అదే మొదలు అని కూడా చెప్పింది. ఒక్కరినైతే పీకేసేవాడే. అందరినీ పంపేస్తే మర్నాడు ఆఫీసు ఊడ్చేదెవరు? కొన్నాళ్లు నానబెట్టి, ఆఖరికి తాళంచెవి మా చీపుళ్ల పక్కన మేకుకి తగిలించాడు. ఆ రోజు దీదీ సీసాడు నీళ్లు గటగటా తాగేసి, “తాగే లచ్చిమీ, ఇయాల కడుపారా తాగు!” అంది. నేను ఏడ్చేశాను.

ఇవాళ నా టేబుల్ మీద ఉన్న కాగితంలోనూ పేర్లు గుండ్రంగానే ఉన్నాయి. డ్యూటీలో ఎంతసేపైనా నిలబడే ఉండాలని లాడ్జి రూలు, కాసేపు కూర్చోవడానికి స్టూళ్లు కావాలని అడిగారు. ఈ గుండ్రం సంగతి వీళ్లకెలా తెలుసంటే, టీ తాగుతూ గొప్పలు పోయింది నేనే కదా! ఇప్పుడేమో నా వేళ్లే ఆ కాగితాన్ని ఇటూ అటూ తిప్పుతున్నాయి, ఏ సిరా ముందుదా అని. చీ, ఏం చేస్తున్నానో చూసుకుని చెయ్యి వెనక్కి లాక్కున్నాను. అప్పుడు కనిపించింది, రెండు పేర్ల మధ్య వేలెడు ఖాళీ.

అది ఎవరికోసమో అడగక్కర్లేదు. ఈ జీతం మీదే మా ఇల్లు నడుస్తోంది. భయం లేదని అనను. సీసా తీసి నీళ్లన్నీ తాగేశాను. కుర్చీలో కూర్చుని పెన్ను తీశాను.

పేరు దొరికిందా అని మేనేజర్ లోపలి నుంచి కేకేశాడు. “దీదీ, నామ్ మిలా?”

“మిలా సర్” అని కాగితం పట్టుకుని లేచాను. నా సంతకం ఇంకా ఆరలేదు.